దణ్ణంలో నా వాటా

రెండు చేతులూ కలవని దణ్ణం దేవుడి దాకా వెళ్తుందా అన్న అనుమానం నన్ను ఆరేళ్ళుగా వదల్లేదు.

పొద్దున్నే స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. కుడిచెయ్యి పడిపోయాక కూడా మానలేదు. కాకపోతే ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పైకి లాగి, గుండెకి ఆనించి, దాని మీద ఎడం అరచెయ్యి పెట్టేవాణ్ణి. కుడిచేతి వేళ్ళు ఎప్పుడూ ముడుచుకునే ఉండేవి కాబట్టి అరచెయ్యి అరచేతికి తగిలేది కాదు, పిడికిలికి తగిలేది. రానని మొరాయించే పిల్లవాణ్ణి చెవి పట్టుకుని లాక్కొచ్చి పెద్దవాళ్ళ ముందు నిలబెట్టినట్టుండేది. వచ్చాడా అంటే వచ్చాడు. తనంతట తాను మాత్రం రాలేదు.

ఒకసారి ప్రార్థన చెప్పే పెద్దాయన్ని అడిగాను. "మనసు ముఖ్యం నాయనా, చేతులదేముంది" అన్నారాయన. మంచి మాటే. ఇంటికొచ్చి ఆలోచిస్తే మాత్రం తృప్తి కలగలేదు. నేను దర్జీని. మనసులో ఎంత మంచి చొక్కా అనుకున్నా చేతులు కదిలితేనే చొక్కా అవుతుంది. దేవుడి పనికి చేతులు అక్కర్లేకపోతే మరి రెండెందుకిచ్చినట్టు? ఆ మాట మళ్ళీ వెళ్ళి అడగలేదు. పెద్దాయనతో వాదన మర్యాద కాదనిపించింది.

చెయ్యి ఎలా పడిపోయిందో చెప్పాలి. మా కుట్టు కొట్టు ఇంటి ముందు గదిలోనే. పక్కది సైకిళ్ళు బాగుచేసే కొట్టు. దాని యజమానిని వీధంతా గాలి బావ అంటారు. టైర్లకీ గాలి కొడతాడు, కబుర్లకీ గాలి కొడతాడు. మా ఆవిణ్ణి చెల్లెమ్మా అని పిలుస్తాడు కాబట్టి నేను ఆయనకి బావనయ్యాను, ఆయన నాకు బావయ్యాడు. చుట్టరికం అంతే.

ఆ మధ్యాహ్నం ఆయన నేను కుట్టిన లేత నీలం చొక్కా తొడుక్కుని కొట్లోకి వచ్చాడు. "కాలరు బిగుతైపోయింది బావా. ఊరందరికీ గాలి కొట్టేవాడికి గాలాడకపోతే ఎలా?" అన్నాడు. నేను నవ్వుతూ మెడ కొలవడానికి టేపు తీశాను. టేపు చేతిలోంచి జారిపోయింది. దానికోసం వంగినవాణ్ణి మళ్ళీ లేవలేకపోయాను. పడిపోతూ ఎదురుగా ఉన్న ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన నన్ను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తి, కనిపించిన బండినల్లా ఆపాడట. ఆస్పత్రిలో నర్సు నా కుడి పిడికిలి విప్పితే అందులో తెల్ల గుండీ ఒకటి, దానికి వేలాడుతూ నీలం దారప్పోగు ఒకటి ఉన్నాయట. నా కుడిచెయ్యి తన సొంత ఇష్టంతో చేసిన చివరి పని అది.

నాలుగో రోజుకి మాట కాస్త తిరిగింది. గాలి బావ మంచం పక్కనే ఉన్నాడు. చొక్కాకి పైనుంచి రెండో గుండీ లేదు. "వారంలో కుట్టిస్తా బావా" అన్నాను, నాలుక మడతపడుతూ.

"కుట్టించడం కాదు. పీకిన చెయ్యే కుట్టాలి" అన్నాడాయన.

నన్ను బతికించడానికి అన్న మాటేనని నాకు అప్పుడే తెలుసు. వారం కాస్తా ఆరేళ్ళయింది. ఆ చొక్కా ఉతికి ఉతికి ఆకాశం రంగు పోయి నీళ్ళ రంగుకి వచ్చింది. గుండీ ఉండాల్సిన చోట పిన్నీసు పెట్టుకుంటాడు. మా ఆవిడ ఎన్నిసార్లు అడిగినా చొక్కా ఇవ్వలేదు. "ఇది నాకూ మా బావకీ మధ్య లెక్క చెల్లెమ్మా, నువ్వు దూరకు" అంటాడు. గుండీ మాత్రం మా ఆవిడ దారపు ఉండల డబ్బాలో, చిన్న కాగితం పొట్లంలో దాచింది.

ఈ ఆరేళ్ళూ కొట్టు నడిపింది ఆవిడే. పెళ్ళైన కొత్తలో కాజాలు కుట్టడం వరకే వచ్చు. నేను మంచం మీద ఉండగానే కత్తిరించడం నేర్చుకుంది. నేను పక్కన కూర్చుని కొలతలు చెప్పేవాణ్ణి, ఎడంచేత్తో సుద్ద గీతలు గీసేవాణ్ణి. ఎడంచేతికి సూది పట్టడం కూడా నేర్పాను. కానీ గుడ్డ పట్టుకునే చెయ్యి ఏదీ? ఇనప ఇస్త్రీ పెట్టె బరువు పెట్టి కుట్టబోతే గుడ్డ జారిపోయేది. కుట్టడమంటే సూదిచేతి పని అనుకుంటారు అందరూ. సగం పని గుడ్డ పట్టుకునే చేతిది. అది లేనప్పుడు తెలుస్తుంది.

చేతులు చచ్చుబడ్డవాళ్ళకి తొడుక్కునే రోబోలు తయారుచేస్తున్నారని, వాటిని పరీక్షించడానికి మనుషులు కావాలని ఆస్పత్రి వాళ్ళు కబురు పెట్టారు. ఎనిమిది వారాలు, వారానికి ఐదు రోజులు, రోజుకి రెండు గంటలు. మా ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివి, "వెళ్ళండి. ఇంట్లో ఉండి నా కుట్లకి వంకలు పెట్టడం కన్నా నయం" అంది.

అక్కడ ఇద్దరు. ఒకమ్మాయి ఇంజనీరు, ఆ యంత్రం తయారుచేసిన జట్టులో మనిషి. నన్ను బాబాయి గారూ అనేది. రెండో ఆయన వ్యాయామాలు చేయించే నిపుణుడు. ఏం చేసినా "ఇంకొక్కసారి" అంటాడు కాబట్టి రోగులందరం ఆయనకి ఇంకొక్కసారి సారని పేరు పెట్టుకున్నాం. ఆయనకీ తెలుసు. పట్టించుకోడు.

ఆ యంత్రం చూస్తే నాకు ఒంటిచేతి కోటు గుర్తొచ్చింది. భుజం మీంచి నడుముకి ఒక పట్టీ. పైచేతికి ఒక పట్టా, ముంజేతికి ఒక పట్టా, మధ్యలో మోచెయ్యి దగ్గర గుండ్రటి మోటారు. భుజం మీద ఇంకోటి. అరచేతికి తొడుగు, దాని వెనక వేళ్ళ పొడుగునా సన్నటి తీగలు. ఆ తీగలు లాగితే ముడుచుకున్న వేళ్ళు తెరుచుకుంటాయి. "మీ కండరం కొంచెం కదలాలనుకున్నా ఇది కనిపెడుతుంది బాబాయి గారూ. మీరు మొదలుపెట్టండి, ఇది సాయం చేస్తుంది" అంది ఆ అమ్మాయి.

తొడుక్కోగానే చంకలో ఒరుసుకుంది. "అమ్మా, చంక దగ్గర కుట్టు తప్పు పడింది" అన్నాను.

"ఎలా చెప్పగలరు?"

"చెయ్యి కిందకి వేలాడేసి కొలిచారు కదూ? నిలబడి ఫోటో దిగేవాడికైతే అది సరిపోతుంది. పని చేసేవాడి చెయ్యి ముందుకుంటుంది. కుట్టు రెండు వేళ్ళు వెనక్కి జరగాలి."

ఆ అమ్మాయి వెంటనే రాసుకుంది. మర్నాడు ఆ పట్టీని ఇంటికి తెస్తే మా ఆవిడే విప్పి, జరిపి కుట్టింది. ఇంట్లో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రోజూ రెండు గంటలు మిమ్మల్ని వాటేసుకుని ఉంటుందన్నమాట. అయితే నాకు సవతే" అంది. అప్పట్నుంచీ నేను తిరిగొచ్చిన ప్రతిసారీ "సవతి ఎలా ఉంది?" అని అడిగేది.

మొదటి రోజు ఆ అమ్మాయి ఏదైనా చేసి చూడమంది. నేను దణ్ణం పెట్టాలనుకున్నాను. అనుకోవడమే తరువాయి, మోటారు చిన్నగా రొద పెట్టింది. చెయ్యి లేచింది. వేళ్ళు తెరుచుకున్నాయి. కుడి అరచెయ్యి వచ్చి ఎడం అరచేతిని తాకింది. ఆరేళ్ళ తర్వాత అరచేతికి అరచెయ్యి. నా కళ్ళు తడిశాయి. ఇంకొక్కసారి సారు కూడా ఆ పూట ఇంకొక్కసారి అనలేదు.

ఇంటికి నడుస్తుంటే మాత్రం లోపల ఏదో గుచ్చుకుంది. దణ్ణం పెట్టింది నేనా, ఆ మోటారా? పాత అనుమానానికి కొత్త పిల్ల పుట్టింది.

తర్వాతి నాలుగు వారాలూ పెళ్ళి సందడిలా గడిచాయి. బల్ల మీద చెక్క మేకులు, వాటిని తీసి రంధ్రాల్లో పెట్టాలి. గ్లాసు ఎత్తి అరలో పెట్టాలి. మొదటి వారం మూడు మేకులు పెట్టినవాణ్ణి నాలుగో వారానికి పది పెట్టాను. మిగతా రోగులు చప్పట్లు కొట్టారు. గాలి బావ రోజూ కొట్టు గుమ్మంలో నిలబడి అడిగేవాడు.

"బావా, గుండీ ఎప్పుడు?"

"వస్తుంది ఉండవయ్యా."

"ఈ పిన్నీసు గుచ్చుకుని ఛాతీ మీద చిల్లులు పడ్డాయి. పంక్చరు వేసుకోవాల్సిన స్థితికొచ్చాను."

ఐదో వారం మొదటి రోజు ఆ అమ్మాయి నన్ను తెర ముందు కూర్చోబెట్టింది. మొహంలో నవ్వు లేదు. తెర మీద రెండు రంగుల పట్టీలు. నీలం నాది, నారింజ యంత్రానిది. ప్రతి కదలికలోనూ ఎంత బలం నా కండరం పెట్టింది, ఎంత మోటారు పెట్టింది అని అది కొలుస్తుంది. మొదటి రోజు నా నీలం నూటికి ముప్ఫై. ఇప్పుడు పద్దెనిమిది.

"పది మేకులు పెడుతున్నాను కదమ్మా" అన్నాను.

"పెడుతున్నారు. కానీ అది ఎక్కువ పెడుతోంది, మీరు తక్కువ పెడుతున్నారు."

విషయం ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. ఎనిమిదో వారం చివర పరీక్ష ఉంటుంది. సొంత బలం మొదటి రోజు కన్నా పెరిగినవాళ్ళకి ఈ యంత్రం ఏడాది పాటు ఇంటికిస్తారు, పనిలో వాడుకోవచ్చు. తగ్గినవాళ్ళకి ఇవ్వరు. ఇస్తే చెయ్యి ఇంకా బద్ధకిస్తుంది. ఉన్న కొంచెం కూడా పోతుంది. నాకు నాలుగు వారాలు మిగిలాయి.

నేను ఆ నారింజ పట్టీ వైపు వేలు చూపించాను. "అమ్మా, నేను రోజూ దణ్ణం పెట్టుకుని మొదలుపెడతాను కదా. అదీ ఇందులో ఉంటుందా?"

"అన్నీ ఉంటాయి."

"నిన్నటి దణ్ణంలో నా వాటా ఎంత?"

ఆ అమ్మాయి ఏవో నొక్కి వెతికింది. చెప్పడానికి తటపటాయించింది. "పదకొండు, బాబాయి గారూ."

అంటే ఎనభై తొమ్మిది పాళ్ళు మోటారు పెట్టిన దణ్ణం. ఆ మోటారుకి పాపం ఏ దేవుడున్నాడు?

ఇంటికొచ్చి కొట్లో మూల కుర్చీలో కూర్చున్నాను. సవతి గురించి అడగబోయిన మా ఆవిడ నా మొహం చూసి ఆగిపోయింది. నేనే చెప్పాను. ఆవిడ విని మిషను ముందుకి జరిగి ఒక దళసరి గుడ్డ అంచు కుట్టడం మొదలుపెట్టింది. మనసు ఇటే ఉన్నట్టుంది, గుడ్డని రెండు చేతులా ముందుకి తోస్తోంది. టక్కుమని సూది విరిగింది.

"తొయ్యకు. ఎన్నిసార్లు చెప్పాను? కింద పళ్ళున్నాయి, అవే లాక్కుంటాయి. నీ చెయ్యి దారి చూపిస్తే చాలు. గుడ్డ మోసే పని మిషనుది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చి నా చెవిలోనే పడింది.

మా నాన్న నాకు పదేళ్ళప్పుడు మిషను ముందు కూర్చోబెట్టి చెప్పిన మొదటి మాట అది. తోయకు, లాగకు. వేళ్ళు ఆనించి ఊరుకో, మిషను పోనిచ్చిన దారిన పో. లాగినప్పుడల్లా వేళ్ళ మీద చెక్క స్కేలుతో ఒకటి పడేది. ముప్ఫై అయిదేళ్ళు నా చేతులు అదే పాటించాయి. మిషను రొద వినపడగానే బలం వదిలెయ్యడం నా చేతికి ఒంటబట్టిన విద్య. ఆ యంత్రం దగ్గర కూడా నేను అదే చేస్తున్నాను. కాస్త ఆనించి, కదలిక మొదలవగానే మర్యాదగా ఒదిగిపోతున్నాను. అక్కడున్న మిగతా ఐదుగురిలో ఒకాయన బళ్ళో మేస్టరు, ఒకావిడ తోటపని చేసేది. వాళ్ళెవరూ ఈ తప్పు చెయ్యలేదు. దర్జీనైన నేనే చేశాను.

"ఏమైంది, అలా నవ్వుతున్నారు?" అంది మా ఆవిడ విరిగిన సూది ఏరుతూ.

"నేను మరీ మంచి దర్జీనయ్యానే."

"అది నేనెప్పుడూ అనలేదు" అంది. సూది మార్చింది.

మర్నాడు వాళ్ళిద్దరికీ చెప్పాను. ఇంకొక్కసారి సారు గడ్డం గోక్కుంటూ విన్నాడు. ఆ అమ్మాయి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది. "మీరు చిటికెడు బలం చూపించగానే అది అందుకుంటోంది. అందుకున్నాక మీరు వదిలేస్తున్నారు. మేం ఇది అందరికీ ఒకేలా పెట్టాం" అంది.

"దాన్ని కాస్త ఆగమని చెప్పగలవా అమ్మా? అడిగీ అడగ్గానే సాయానికి రాకుండా?"

"చెప్పగలను. మీరు ఎంతవరకు లేపగలరో అంతవరకూ లేపాలి. ఆగిపోయాక మూడు అంకెలు లెక్కపెట్టి అప్పుడు వస్తుంది. మీరు వదిలేస్తే అదీ వదిలేస్తుంది. కానీ బాబాయి గారూ, పది మేకులు ఉండవు. ఒకటి కూడా ఉండకపోవచ్చు."

"ఉండకపోతే పోనీ."

ఆ అమ్మాయి చెప్పింది నిజమే. ఆ రోజు ఒక్క మేకూ పెట్టలేదు. చెయ్యి బల్ల మీంచి నాలుగు వేళ్ళ ఎత్తు లేచి వణికి ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు. మోటారు వచ్చింది. రాగానే నా చెయ్యి అలవాటుగా ఒదిగింది. మోటారూ వదిలేసింది. చెయ్యి ధబ్బున బల్ల మీద పడింది.

"ఇంకొక్కసారి" అన్నాడు సారు.

ఆ పూట నలభైసార్లు పడింది. బల్ల అంచు తగిలిన చోట మణికట్టు కమిలింది. దణ్ణం పెడితే అరచేతులు కలవలేదు. మధ్యలో జానెడు ఖాళీ. ఆ ఖాళీతోనే కళ్ళు మూసుకుని, స్వామీ, ఇవాళ్టికి ఇంతే, ఇది మాత్రం కల్తీ లేని సరుకు, అనుకున్నాను.

మూడు రోజులు అలాగే అయ్యాక నేను ఇంకో మాట అడిగాను. "ఈ మేకులు నా చేతికి తెలీవు. ఎంత చూసినా దీనికి మేకు మీద ఆశ పుట్టదు. గుడ్డ తెచ్చుకుంటాను, సూది తెచ్చుకుంటాను."

"పరీక్షలో మేకులే ఉంటాయి" అన్నాడు సారు.

"పరీక్షలో పెడతాను. ఇప్పుడు గుడ్డ పట్టుకోనివ్వండి. చేతికుట్టులో మిషను ఉండదు సార్. గుడ్డ ఎవరూ లాక్కోరు. పట్టుకున్నవాడే పట్టుకోవాలి. దాంట్లో బలం వదిలెయ్యడం నా చేతికి ఎవరూ నేర్పలేదు."

ఆయన ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి తల ఊపింది. "గంట మేకులు, గంట గుడ్డ" అన్నాడాయన. "గంటకి ఒక్క నిమిషం తగ్గినా ఒప్పుకోను."

మా ఆవిడ పాత దుప్పటి ముక్కలు నాలుగు కత్తిరించి ఇచ్చింది. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డ అంచు పట్టాలి, ఎడంచేత్తో సూది దించాలి. ముప్ఫై అయిదేళ్ళు దొరతనం చేసిన కుడిచెయ్యి ఇప్పుడు ఎడంచేతికి గుడ్డ పట్టే పనిలో చేరింది. మొదట్లో పట్టేది కాదు. పట్టినా, సూది దిగే సమయానికి జారవిడిచేది. ఎన్నోసార్లు సూది నా వేల్లోనే దిగింది. ఒక రోజు కుడి చూపుడువేల్లో దిగినప్పుడు నొప్పి తెలిసింది. ఆరేళ్ళుగా ఆ వేలికి స్పర్శ సరిగ్గా లేదు. నేను పని ఆపి ఆ రక్తపు బొట్టు చూస్తూ కూర్చున్నాను.

"దూది తెస్తానుండండి" అంది ఆ అమ్మాయి.

"తొందరేం లేదమ్మా. చాన్నాళ్ళకి కనబడ్డ చుట్టం."

రెండు వారాలకి కుట్టు వంకరటింకరగా ఒక జానెడు సాగింది. గాలి బావ ఆ గుడ్డ ముక్క చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. "బావా, ఏమీ అనుకోకు. నా సైకిలు ట్యూబుకి నేనేసే అతుకు ఇంతకన్నా అందంగా ఉంటుంది."

"నీ ట్యూబు లోపల ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలీదు."

"అదీ నిజమే" అని ఆ ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

ఏడో వారంలో నీలం పట్టీ ఇరవై ఆరుకొచ్చి అక్కడే ఆగింది. భుజం రాత్రింబవళ్ళు సలిపేది. ఒక పొద్దున లేవబుద్ధి కాలేదు. ఉన్నదేదో ఉంది, ఎడంచేత్తో సుద్దగీతలు గీసుకుంటూ బతకొచ్చు కదా అనిపించింది. ఆ మాట మా ఆవిడతో అన్నాను. ఆవిడ అప్పటికే సంచీలో నా సూది పెట్టె, వేలికి తొడిగే అంగుస్తాను సర్దేసింది.

"బతకొచ్చు. కానీ ఆరేళ్ళ నుంచీ ఆయన ఆ పిన్నీసు చొక్కాతో నా కళ్ళ ముందు తిరుగుతున్నాడు. ఇంకో ఆరేళ్ళు చూడ్డం నా వల్ల కాదు" అంది. సంచీ నా భుజాన తగిలించింది.

వెళ్ళాను. ఆ వారమంతా ఇంకొక్కసారి సారు ఆ మాట అనక్కర్లేకుండానే నేనే అన్నాను.

పరీక్ష రోజు ఆస్పత్రి నుంచి ఇంకో ఇద్దరు పెద్ద డాక్టర్లు వచ్చి వెనక కూర్చున్నారు. మా ఆవిడని లోపలికి రానివ్వలేదు. గాజు తలుపు అవతల నిలబడింది. ముందు దణ్ణం పెట్టుకున్నాను. కుడిచెయ్యి మెల్లగా, వణుకుతూ, మెట్లు ఎక్కే ముసలాయనలా ఆగి ఆగి లేచింది. ఛాతీ దగ్గరకొచ్చి నిలిచిపోయింది. ఒకటి, రెండు, మూడు. మోటారు వచ్చింది. ఈసారి నేను వదల్లేదు. అదీ నేనూ కలిసి మిగిలిన దూరం నడిచాం. వేళ్ళు పూర్తిగా చాచుకోలేదు. అరచేతులు మాత్రం తగిలాయి.

తర్వాత మేకులు. రెండో మేకు కింద పడింది. ఐదోది రంధ్రం పక్కన ఆగింది. నేను వాటిని మేకులనుకోలేదు. ఒక్కో రంధ్రాన్నీ కాజా అనుకున్నాను, ఒక్కో మేకునీ గుండీ అనుకున్నాను. సమయం అయిపోయేసరికి పదింటిలో ఆరు పడ్డాయి. నాలుగో వారంలో పది పెట్టినవాణ్ణి. వెనక కూర్చున్న పెద్ద డాక్టరు ఒకాయన పెదవి విరిచాడు.

ఆ అమ్మాయి తెర చూసింది. లెక్క సరిచూసుకోవడానికి మళ్ళీ చూసింది. "ముప్ఫై ఆరు" అంది.

ముప్ఫై దాటితే చాలు. ఇంకొక్కసారి సారు నా ఎడం భుజం మీద చెయ్యి వేసి, కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. గాజు తలుపు అవతల మా ఆవిడకి మూడు వేళ్ళు, తర్వాత ఐదు, ఆపైన ఇంకొకటి చూపించాను, ఎడంచేత్తో. ఆవిడకి అర్థం కాలేదు. నా మొహం చూసి అర్థం చేసుకుంది.

యంత్రాన్ని సంచీలో సర్దుతూ ఆ అమ్మాయి నవ్వింది. "ఇవాళ దణ్ణంలో మీ వాటా ఎంతో చెప్పనా?"

 ఆరేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నకి జవాబు ఆ తెర మీద అంకెల్లో ఉంది. ఎంతోకొంత నాదని నాకు తెలుసు. మిగతాది ఆ అమ్మాయి చదువు, సారు ఓపిక, మా ఆవిడ కుట్టిన పట్టీ. వాళ్ళందరి చేతులూ కలిపి పెట్టిన దణ్ణాన్ని దేవుడు కాదంటాడా? అనడనే అనుకుంటున్నాను. ఖాయంగా చెప్పలేను.

"వద్దులే అమ్మా. అది నాకూ ఆయనకీ మధ్య లెక్క" అన్నాను.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. గాలి బావ కొట్టు ముందు చక్రం తిప్పుతూ కూర్చున్నాడు, ఒంటి మీద అదే చొక్కా. నేను సంచీ దించి, "బావా, చొక్కా విప్పు" అన్నాను.

ఆయన నా వంకా సంచీ వంకా చూశాడు. చేతుల నూనె తుడుచుకుని మా కొట్లోకి వచ్చి, పిన్నీసు తీసి, చొక్కా విప్పి ఇచ్చి, బనీనుతో ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. అప్పుడే బట్టలివ్వడానికి వచ్చిన ఒకావిడ లోపల బనీనుతో మనిషిని చూసి, తర్వాత వస్తానని వెళ్ళిపోయింది.

మా ఆవిడ యంత్రం తొడిగింది. చంక దగ్గర పట్టీ సరిచేసి, "ఇవాళొక్కరోజూ సవతికి నేనే సేవ చేస్తున్నాను" అంది. డబ్బాలోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. గుండీ తెల్లగా మెరిసిపోతోంది. చొక్కాకున్న మిగతా గుండీలు పచ్చబడిపోయాయి. ఆరేళ్ళు చీకట్లో కూర్చున్న ఇది ఒక్కటే వయసు పెరగలేదు.

దారం ఎక్కించి ఇస్తానంది ఆవిడ. వద్దన్నాను. సూదిని బల్ల మీద మైనం ముద్దలో గుచ్చి ఎడంచేత్తో ఎక్కించాను. కుడిచెయ్యి బల్ల మీంచి లేపాను. అది లేచి, ఆగి, సాయం అందుకుని గుడ్డ మీదికి వచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ మధ్య గుండీని పాత కుట్టు గుర్తుల మీద ఆనించి పట్టాను. మొదటి పోటుకి గుండీ జారిపోయి నేల మీద దొర్లింది. గాలి బావ పీట మీంచి వంగి తీసి ఇచ్చాడు.  రెండోసారి జారలేదు. సూది కింది నుంచి పైకి, పైనుంచి కిందికి. నాలుగు రంధ్రాలు, ఒక్కో దాంట్లోంచి మూడుసార్లు. మోటారు రొద అప్పుడప్పుడూ వినిపించి ఆగిపోతోంది. 

గుండీ కింద దారం చుట్టి ముడి వెయ్యడానికి సూదిని కుడిచేతికి మార్చాను. గుండీ పీకింది ఆ చెయ్యే కదా. చివరి పోగు అదే లాగాలి. లాగింది, మెల్లగా, మోచెయ్యి వణుకుతూ, దారం బిగిసేదాకా. పళ్ళతో దారం తెంపాను.

గాలి బావ చొక్కా తొడుక్కున్నాడు. కింది గుండీ నుంచి ఒక్కొక్కటే పెట్టుకుంటూ పైకొచ్చాడు. పైనుంచి రెండోది పెట్టుకున్నాక కిందకి చూసుకున్నాడు.

"కాస్త పక్కకి పడింది బావా."

"విప్పి మళ్ళీ కుట్టనా?"

"ఎందుకు, ఇంకో ఆరేళ్ళకా?" అన్నాడు. ఇందాకటి పిన్నీసుని మా ఆవిడ చేతిలో పెట్టి, వెళ్ళి చక్రం ముందు కూర్చున్నాడు.